ఉరుకుందమ్మ స్టూలు

దయ్యాల మాట ఎత్తితే నవ్వే రకం నేను. చిన్నప్పుడు మా అమ్మ దర్గాలో కట్టించిన తాయెత్తు దారం విప్పి, కెమెరా మూత పడిపోకుండా కట్టుకున్నవాణ్ణి. ఆదోనిలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఫొటోలో ఏదో తెల్లటి ఆకారం పడిందని ఎవరైనా వస్తే, లెన్సు తుడుచుకోమని పంపేస్తాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

పోయిన మిరపకోతల కాలంలో ఒక పత్రికవాళ్లు, మనుషులకు దూరంగా పనిచేసేవాళ్ల ఫొటోలు అడిగారు. కోసిగి అవతల గుట్ట మీద చిన్న వాతావరణ కేంద్రం ఉంది. ఒకటే గది, ఒకటే తలుపు. ముందు కంచెలో వాన కొలిచే డబ్బా, థర్మామీటర్లు. అక్కడ కొలతలు చూసే ఈరన్న ఒక్కడే ఉంటాడు. కింది ఊళ్లో సగం ఇళ్లకు తాళాలే, జనం సుగ్గికని, మిరప కోయడానికి గుంటూరు వైపు కూలికి పోయారు.

పొద్దున్నే చేరాను. ఈరన్న టీ ఇచ్చి, పత్రికలో ఏమని వేస్తారని అడిగాడు. చెప్పాను. గ్లాసు కింద పెట్టాడు.

"ఒంటిగా ఉండానని మాత్రం వేయొద్దు బాషా. పైవాళ్లు జాలిపడి బదిలీ చేస్తారు. నేను ఈడనే ఉండాల."

ఆయన భార్య ఉరుకుందమ్మ రెండేళ్ల కిందట జ్వరంతో పోయింది. రోజూ ఎనిమిదిన్నరకు ఆయన కొలతలు చూసి వచ్చి నోటితో చెబితే, బల్ల పక్కన ఇనుప స్టూలు మీద కూర్చుని ఆమె రిజిస్టరులో రాసేదట. ఇప్పుడు ఆయనే రాసుకుంటాడు. అయినా ముందు నోటితో చెప్పాకే రాస్తాడు.

సరేనని తలూపాను గానీ, నా లెక్క నాది. ఆయన కంచెలోకి పోగానే, ఇంకో మనిషి ఉన్నట్టు కనిపిస్తోందని ఆ స్టూలు ఎత్తి గది వెనక పెట్టి, దాని మీద నా బ్యాగు పెట్టాను. కంచె నుంచి అది కనబడదు.

ఈరన్న లోపలికి వచ్చాడు. నేను గడపలో నిలబడి ఫొటోలు తీస్తున్నాను. స్టూలు ఉండే చోటు చూసి, నా వైపు చూశాడు. నాకు సిగ్గేసింది. అయినా ఆయన ముఖమే చూస్తూ నొక్కుతూనే ఉన్నాను. "వాన సున్నా" అని మెల్లగా చెప్పి, ఆయన రాసుకోవడానికి కూర్చున్నాడు.

పని అయ్యాక వెనక్కి పోతే బ్యాగు గోడకు ఆనించి నేల మీద ఉంది. స్టూలు లేదు. వచ్చి చూస్తే లోపల బల్ల పక్కనే ఉంది. ఏమీ తినకుండా వచ్చాను, ఏదో పొరబడ్డానేమో అనుకుని బండెక్కాను.

స్టూడియోలో చూసుకుంటే మొత్తం ముప్పై ఒక్క ఫొటోలు. మొదటి ఆరింటిలో బల్ల పక్కన ఖాళీ నేల. ఏడో ఫొటో నుంచి స్టూలు ఉంది. ఆరుకూ ఏడుకూ మధ్య నాలుగు సెకన్లు. ఉన్న ఒక్క తలుపులో నేనే నిలబడి ఉన్నాను, నన్ను దాటి ఎవరూ పోలేదు. ఆరో ఫొటోలో ఈరన్న నోరు తెరిచి ఉంది, సున్నా అంటున్నాడు. ఏడోదాంట్లో నవ్వుతున్నాడు.

వారం తర్వాత ఆ ఫొటోలు తీసుకుపోయి, స్టూలు జరిపినందుకు క్షమించమన్నాను. ఆయన ఏడోదాన్ని చాలాసేపు చూశాడు.

"ఆమె కోపం చేసుకోలేదులే బాషా. నీ బ్యాగు శానా బరువంట. దించి పెట్టి వచ్చినానని చెప్పింది."

బ్యాగు సంగతి నేనాయనకు చెప్పలేదు.

పత్రికకు ఆ ఒక్క ఫొటోనే పంపి, కింద ఈరన్న, ఉరుకుందమ్మ అని రాశాను. ఒక్క మనిషే ఉన్నాడు కదా అని వాళ్లు ఫోన్ చేశారు. ఇద్దరే, అలాగే వేయండి అన్నాను. వేశారు. బదిలీ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ స్టూలు లోపలికి ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. మొన్న మళ్లీ పోయినప్పుడు మాత్రం, బ్యాగు నేనే నేల మీద పెట్టాను.