వానకు సరిపోయే కొలత

మా పై ఫ్లాట్ అంకుల్ మొన్న పొద్దున పోయారు. ఆఫీసు బస్సు ఎక్కబోతుంటే ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. బస్సు గచ్చిబౌలి వైపు వెళ్లిపోయింది. నేను రోడ్డు మీదే నిలబడిపోయాను.

ఆయన ప్లాస్టిక్ భాగాలు చేసే ఫ్యాక్టరీలో, కొలతల గదిలో పనిచేసి రిటైరయ్యారు. ఊరికే ఉండటం చేతకాని మనిషి. లిఫ్టులో కనిపిస్తే చాలు, నా చేతిలోని టిఫిన్ డబ్బా ప్లాస్టిక్ మూత తిప్పి చూసేవారు.

“ఎండకు సాగుతది, చలికి ముడుచుకుంటది. కొన్ని రకాలైతే గాలిలో తేమ తాగి ఉబ్బుతయి. దీనికి ప్రాణం లేదనుకుంటరు గానీ, వాన సంగతి మనకంటే దీనికే బాగా తెలుసు” అనేవారు. వింటూ వింటూ నేను దిగాల్సిన అంతస్తు దాటిపోయేదాన్ని.

మా పాపకు ఎడమ కాలు బలహీనం. కాలికి ఊతమిచ్చే కాలిపర్ తొడుక్కుని నడుస్తుంది. వేసవిలో కొత్తది చేయించాం. కొలతలు తీసిన ఏసీ గదిలో మోకాలి దగ్గరి కీలు చక్కగా మడతపడింది. తీరా వానలు పడ్డాక పట్టేయసాగింది. పాప రెండుసార్లు పడిపోయి, “నా కాలే ఇంకా పాడైపోయింది” అంటూ బడి మానేసింది. మంచం దిగనంది. నేను పైకి వెళ్లి అంకుల్‌కు చెప్పాను.

అంకుల్ వచ్చి నేల మీద కూర్చున్నారు. కీలును మడిచి, తెరిచి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

“ఏంది బిడ్డా, కాలునెందుకు తిడ్తున్నవ్? లోపలి నైలాన్ రింగు తేమ తాగి లావైంది. నీ కాలు మంచిగనే ఉంది.”

“రింగుకు దాహమా తాతా?” అంది పాప, ఏడుపు మధ్యలోనే.

“మస్తు దాహం. ఏసీల కొలిచినోళ్లకు యాదికి రాలే.”

కొత్త రింగులు తెప్పించి రోజుల తరబడి వేడినీళ్లలో నానబెట్టారు. అవి తాగాల్సిందంతా తాగి ఉబ్బాక, అప్పుడు కొలిచి, రంధ్రం సవరించి, కాలిపర్ చేసినాయన పక్కనే కూర్చుని బిగింపజేశారు.

“ఎండాకాలం జర వదులైతది, ఫికర్ చెయ్యకు. వానలో మాత్రం పట్టెయ్యదు” అన్నారు. పాప మర్నాడే బడికి వెళ్లింది. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని హాయిగా ఏడ్చాను.

నిన్న సమాధుల తోటలో తెల్లవారినప్పటి నుంచీ వానే. ఖాజాగూడ బండల వెనక అద్దాల భవనాలు మబ్బులో కలిసిపోయి, ఊరంతా ఎక్కడికో వెళ్లిపోయినట్టుంది. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే మట్టి వేస్తున్నారు. బురదలో జారుతుందేమోనని పాపను ఎత్తుకోబోయాను. అది నా చెయ్యి పక్కకు నెట్టి, వానలో తడుస్తూ తనే నడిచి వెళ్లింది. గోతి అంచున ఎడమ మోకాలు కూడా మడిచి కూర్చుని, గుప్పెడు తడిమట్టి తీసుకుంది.