మా గుర్తు లేని ఓటు

మా నాన్న తెనాలిలో ఒక బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. గుడికి రమ్మంటే ఒంట్లో బాగోలేదనేవాడు గానీ, పార్టీ మీటింగంటే జ్వరంతోనైనా లేచి పోయేవాడు.

నా చిన్నప్పుడు కూలిరేటు పెంచమని ఆ పార్టీ జెండా కిందే సమ్మె చేశారు. మిల్లు ఓనరు కొత్తవాళ్లను తెచ్చుకుని, నాన్నని గేటు బయటికి గెంటించాడు. ఆ వానాకాలమంతా అమ్మ రేపల్లె పాసింజరెక్కి వేమూరు నాట్లకు పోయి మా కడుపులు నింపింది. నాన్న మాత్రం కంటతడి పెట్టలేదు. మనకు పార్టీ ఉంది కదా అనేవాడు.

మొన్నటి ఎన్నికల్లో పార్టీకి ఎవరితోనో పొత్తు కుదిరింది. మా సీటు వాళ్లకు వదిలేశారు. నిలబడ్డది ఎవరయ్యా అంటే, ఆ మిల్లు ఓనరే. ఈ సంగతి మాకు నచ్చజెప్పడానికి బాపట్ల నుంచి పార్టీ నాయకుడొకాయన వచ్చాడు. మా మంచం మీదే కూర్చుని, పెద్ద శత్రువును ఓడించాలంటే చిన్న శత్రువును భరించక తప్పదని పాఠం చెప్పాడు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. భరించింది ఎవరు, ఆయనా?

నాన్న అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆనాటి సంగతి ఆ ఓనరుతో ఎవరన్నా మాట్లాడారాండీ?"

"అవన్నీ ఇప్పుడెందుకు బాబాయ్," అని నాయకుడు లేచాడు.

పోలింగు రోజు వరసలో నాన్న వెనకే నేనున్నాను. ఆయన అట్ట చాటుకు వెళ్లాడు. ఎంతసేపటికీ మిషను కూత వినబడలేదు. జనం సణుగుతున్నారు. ఏదో ఒకటి నొక్కు తాతా అన్నాడు ఆఫీసరు.

"మా గుర్తు కనబడట్లేదండి," అన్నాడు నాన్న.

ఎవరో నవ్వారు. గుర్తు లేదని ఆయనకు తెలుసు. తెలిసీ వెతుకుతున్నాడు. వెళ్లి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేయాలనిపించింది నాకు. ఈలోగా మిషను కూసింది.

ఎవరికి వేశావని దారిలో నేను అడగలేదు. ఇంటికి రాగానే అమ్మ అడిగింది.

"పార్టీ చెప్పినోడికే," అన్నాడు నాన్న, చెప్పులు విప్పుతూ.

"నాట్లేసి నేను నడుం విరగ్గొట్టుకుంది ఇందుకేనా?" అంది అమ్మ.

నాన్న గుమ్మంలోనే కూలబడి భోరున ఏడ్చాడు. అమ్మ ఆయన దగ్గరికి వెళ్లలేదు.