ఆఖరివాడు వచ్చేదాకా

మేమంతా ‘ద్వీపం మామ్మగారు’ అని పిలిచే పెద్దావిడ ఇక లేరన్న కబురు ఫ్రీమాంట్ నుంచి ఆమె కూతురు ఫోన్‌లో చెప్పింది. “కిటికీ దగ్గర నిలబడే ఒరిగిపోయింది బ్రదర్” అంది. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆమె నిలబడే మనిషి.

చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్ల మనుమరాలు ఆమె. ప్రపంచపటం మీద ఈగ వాలితే కనబడకుండాపోయే ద్వీపదేశం. ఒక్కగానొక్క కొడుకు పరుగు పందేలవాడు, ఏనాటికైనా ఆ దేశం చొక్కా తొడుక్కుని పరుగెత్తాలని ఆశ. ఒకనాడు చేపల పడవలో వెళ్లి తిరిగి రాలేదు. దేహం దొరకలేదు. అందుకే కూతురితో ఇక్కడికి వచ్చేశాక కూడా మామ్మగారు జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టనివ్వలేదు.

నేను ఊరుకునేవాణ్ణా? సన్నీవేల్‌లో మా గరాజ్‌లోనే ఆరాధన నడిపే పాస్టరును, వారం వారం బైబిలు తెరిచి గర్జించాను. “సముద్రం కూడా తన మృతులను అప్పగించే దినం ఉందమ్మా. నమ్మి కూడిక పెట్టండి.”

“అప్పగించనీ అబ్బాయీ, అప్పుడే పెడదాం” అన్నారు. అందరూ నవ్వారు. నేను బైబిలు మూసి పాట ఎత్తుకున్నాను.

ఎనభై నాలుగులో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు ఆ దేశం జట్టూ వచ్చింది. గట్టిగా చూస్తే ఒక వ్యాన్‌కు సరిపడే మనుషులు. కొడుకు బతికుంటే వాళ్లలో ఉండేవాడు. తల్లీకూతుళ్లను నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. ఆ రోజు దూరపు పరుగు. ఆ దేశం కుర్రాడు బాగా వెనకబడ్డాడు. గెలిచినవాళ్లు తువ్వాళ్లు కప్పుకుని వెళ్లిపోయినా వాడింకా పరుగెత్తుతూనే ఉన్నాడు. మామ్మగారు లేచి నిలబడ్డారు.

“అమ్మా, కూర్చోవే. వెనకవాళ్లకి సారీలు చెప్పలేక చస్తున్నా” అంది కూతురు.

“వాడు కూర్చున్నాడా?”

వాడు ముగింపు గీత దాటుతుంటే కొడుకును పిలిచే ముద్దుపేరుతో ఒక్క కేక వేశారు. వాడు తల తిప్పి చూశాడు. ఎందుకు చూశాడో నాకు ఈనాటికీ తెలియదు.

తిరుగు దారిలో మామ్మగారు అన్నారు. “వాడు మావాడు కాదని తెలుసులే అబ్బాయీ. కానీ కాచుకునేవాళ్లెవరూ లేని గీత మీదికి ఎవడూ రాకూడదు. ఇక కూడిక పెట్టించు.”

పెట్టించాను. ఆమేన్ చెప్పి అందరం కూర్చున్నాం. మామ్మగారు మాత్రం తలుపు వైపు తిరిగి నిలబడే ఉన్నారు. ఆనాటి నుంచి ప్రతి ఆరాధన చివరా అంతే. దీపాలు ఆర్పకుండా పెండ్లికుమారుని కోసం కాచుకున్న బైబిలు కన్యకల గురించి గొంతు బొంగురుపోయేలా ప్రసంగించినవాణ్ణి. కనిపెట్టుకుని ఉండడమంటే ఏమిటో ఆమె వీపు చూసి నేర్చుకున్నాను.

శనివారం ఆమెను మట్టికి అప్పగించాం. చివరి ప్రార్థన అయినా కార్ల వైపు ఎవరూ కదల్లేదు. ఎవరూ చెప్పకుండానే అందరం సమాధుల తోట గేటు వైపు తిరిగి నిలబడ్డాం. గేటు మూయడానికి వచ్చిన మనిషి కూడా మమ్మల్ని చూసి, గొలుసు చేత్తో పట్టుకుని, రోడ్డు వైపు తిరిగి ఆగిపోయాడు.