రాణిగారు రాజుని తన్నబోయిన రోజు

కాలికి ఈ కట్టు చూసి మా ఆయన వైపు అదోలా చూడటం ముందు మానండి. పాపం, పొద్దున స్కూలు గేటు దగ్గర నన్ను దింపుతుంటే మన వాచ్‌మన్ కూడా ఆయన్ని గుర్రుగా చూశాడు. ఆయన నన్నేం చెయ్యలేదు. నేనే ఆయన్ని తన్నబోయాను. అదీ ఇంట్లో కాదు, స్టేజీ మీద, కిరీటం పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా. ఆ టీ ఇటివ్వండి, చెప్తాను.

మా నాన్న కాలంలో గురజాల చుట్టుపక్కల 'రాణి సుగుణవల్లి' అని ఒక పద్యనాటకం ఆడేవాళ్ళు. పద్యాలు బంగారం. కథ మాత్రం, దాచేదేముంది, తలనొప్పి. ఎవడో చెప్పిన చాడీ విని రాజు నిండు సభలో రాణిని తంతాడు. ఆమె లేచి ఏం చేస్తుందో తెలుసా? ఆ కాలే పట్టుకుని 'నీ కాలు నొచ్చిందేమో స్వామీ' అని పద్యం పాడుద్ది. దానికి వన్స్ మోర్‌లే వన్స్ మోర్‌లు. మా దగ్గర వన్స్ మోర్ అంటే చట్టం. చచ్చి పడున్నవాడు కూడా లేచి, పాడి, మళ్ళీ చావాల్సిందే.

ఈ ఏడు తిరునాళ్ళలో ఆ నాటకం మళ్ళీ వెయ్యాలని పట్టుబట్టింది నేనే. రాణి వేషం నాది, రాజు మా ఆయన. తిరునాళ్ళ కమిటీకి ఇష్టం లేదు. సరే టీచరమ్మా, ఈ ఒక్కసారికి ఒప్పుకుంటాం, జనం మధ్యలో లేచి వెళ్ళిపోయారో, వచ్చే ఏటి నుంచి డీజేనే అన్నారు. అంటే మాది పోతే ఆ నాటకానికి మళ్ళీ తెర లేవదు.

కమిటీని ఒప్పించడం తేలికే, మా వదినతోనే చానా కష్టమైంది. ఆమె నరసరావుపేటలో నర్సు. నాటకం సంగతి చెప్పగానే అంతెత్తున లేచింది.

"మొగుళ్ళు తన్నితే వచ్చేవాళ్ళకి నేను రోజూ కట్లు కడతన్నా. నువ్వేమో దానికి హార్మోనియం పెట్టి పాడతానంటావ్. ఏందే నీకీ పిచ్చి?"

నాకు రోషం వచ్చింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా వదినా అన్నాను. ఎలుకల్ని పట్టాలి గానీ వాటికి స్టేజీ కట్టకూడదు అంది. ఆమెతో మాటల్లో గెలిచినవాళ్ళు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. తన్నుడు తీసేస్తే కథే నడవదు కాబట్టి అది ఉంటుంది, కాలు నొచ్చిందా అనే పద్యం మాత్రం కట్. పాడితే అక్కడికక్కడే లేచి వెళ్ళిపోతానని చెప్పి మరీ వచ్చి ముందు వరసలో కూర్చుంది.

హార్మోనియం వాయించే మస్తాన్ మామ మొహం మాడ్చుకున్నాడు. జనం వచ్చేదే ఆ పద్యం కోసం తల్లీ, అది తీస్తే ఉప్పు లేని పప్పే అన్నాడు. నేను వినలేదు. నా సంగతి మీకు తెలుసుగా, నేనన్న మాట నేనే వెనక్కి తీసుకోలేను.

జనం బాగానే వచ్చారు. మాచవరం నుంచి ముసలాళ్ళు ఆటోలు మాట్లాడుకుని వచ్చారు. సగం నాటకం దాకా గాలిలో తేలినట్టు నడిచింది. సభ సీను వచ్చింది. మా ఆయన దుమ్ము దులిపినట్టు మెల్లిగా కాలు తగిలించాడు. నేను చక్కగా పడి, చక్కగా లేచాను. మస్తాన్ మామ అలవాటు చొప్పున ఆ పద్యానికి శ్రుతి అందుకున్నాడు. ముసలాళ్ళు గొంతులు సవరించుకున్నారు. అప్పుడు వెలిగింది నాకు. పద్యం తీసేశాం గానీ, దాని చోట ఏం చెయ్యాలో ఎవ్వరం అనుకోలేదు. రిహార్సల్స్‌లో అక్కడికి రాగానే టీ తాగేవాళ్ళం.

మామ పెట్టె వాయిస్తూనే ఉన్నాడు. పద్యం ఏదమ్మా అని వెనక నుంచి ఒకడు. మర్చిపోయినట్టుందిలే అని ఇంకొకడు. మర్చిపోవడమా, నేనా? ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ విన్న పద్యం అది. కొందరు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు. ఇటు చూస్తే మా వదిన బ్యాగు తీసి భుజాన వేసుకుంటోంది, ఇక పాడేస్తానని అనుకుని. పాడితే ఈమె పోతుంది, పాడకపోతే జనం పోతారు, ఎట్లా చూసినా నాటకం పోతుంది. నిజం చెప్తున్నా, భయమేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రాజుగారి మీదికి కాలు విసిరాను.

తగిలితే కదా. పట్టుచీర కాలికి చుట్టుకుంది, కింద కార్పెట్ జారింది, నా పాదం పోయి సింహాసనం చెక్క కోడుకి టపీమని కొట్టుకుంది. రాణిగారు వెల్లకిలా. కిరీటం వెళ్ళి మస్తాన్ మామ ఒళ్ళో పడింది.

మా ఆయనకి అక్కడ డైలాగు లేదు. బిక్కమొహం వేసుకుని నన్నూ జనాన్నీ చూశాడు. మామ ఇంకా అదే శ్రుతి మీద ఉన్నాడు. మా ఆయనకేం తోచిందో, మోకాళ్ళ మీద కూర్చుని, నా కాలు రెండు చేతులతో పట్టుకుని, నేను తీసేసిన పద్యమే ఎత్తుకున్నాడు, 'నీ కాలు నొచ్చిందేమో రాణీ' అని.

పెళ్ళాం కాలు పట్టుకుని మొగుడు ఆ పద్యం పాడటం మా ప్రాంతంలో ఎవరూ విని ఎరగరు. ముసలాళ్ళ ఈలలు, వన్స్ మోర్ అని కేకలు. చట్టం కదా, మళ్ళీ పాడాడు. మళ్ళీ వన్స్ మోర్. ఈసారి అరిచింది ఎవరనుకున్నారు? మా వదిన, బ్యాగు గాల్లో తిప్పుతూ.

పాదం అప్పటికే బూరెలా పొంగింది. నిజంగానే విరిగినట్టుంది, ఆపు అని నేను పళ్ళబిగువున చెప్తుంటే, నటన అదిరిందనుకుని ఆయన ఇంకా పైస్థాయికి పోయాడు.

ఈ కట్టు కట్టించింది మా వదినే. ఇట్లా వేస్తే ఎన్నిసార్లయినా వేసుకోండే అంది. నాటకాన్ని పాడుచేశామని మా ఊరి పెద్దలు కొందరు గొణుగుతున్నారు. గొణగనీయండి. ఆ పద్యం నాకు ప్రాణం, కానీ ఆడది ఎందుకు పాడాలో ఇన్నేళ్ళలో ఒక్కడైనా అడిగాడా? మాచవరం వాళ్ళు వచ్చే నెల వెయ్యమని ఫోన్ చేశారు. వేస్తాం. కట్టు విప్పినా వేస్తాం, విప్పకపోయినా వేస్తాం. మా ఆయనకి మాత్రం ఒక్కటే కండిషన్ పెట్టాను. కాలు నొచ్చిందా అని ఎన్నిసార్లయినా పాడు నాయనా, ముందు ఆటో పిలిచి పాడు.