తల కింది లాటిన్ కాగితం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మా ఆదోని చర్చి స్వాములవారికి ఒక పిచ్చి పట్టుకుంది. పాతకాలం దొర స్వాములు లాటిన్‌లో రాసిచ్చిన పెండ్లి కాగితాలన్నీ చెదలు తినకముందే గుడికి చేర్చాలట. ఆడమనిషి అడిగితే ట్రంకుపెట్టెలు తెరుస్తారని, బడిలో పంతులమ్మగా ఉన్న నన్ను ఊళ్ల మీదికి పంపారు. ముందు మా ఇంటి కాగితమే ఇచ్చాను. ఆ తర్వాత ఆర్నెల్లు తిరక్కుండానే మా ఆయన పోయాడు.

మా వాళ్లలో మొగుడూ పెళ్లాల్లో ఎవరు ముందు పోతే వారి తల కింద ఆ కాగితం పెట్టి పూడుస్తారు. పైన అడిగితే చూపించాలి కదా! స్వాములవారు నవ్వేవారు. నవ్వితే ఏం, ఆయనకు కావలసిన కాగితాలు సగం మట్టిలోనే ఉన్నాయి. గుడికిచ్చింది తిరిగి అడగడానికి నాకు నోరు రాలేదు. మా ఆయన మాత్రం వట్టి చేతులతో పోయాడు.

నాకు ఏడుపు రాలేదు. ఆకలీ లేదు. పొమ్మన్నచోటికి పోయేదాన్ని, రమ్మంటే వచ్చేదాన్ని.

ఒకరోజు ఎమ్మిగనూరులో బస్సు దిగి ఒక ముసలాయన ఇంటికి పోతే వాకిట్లో జనం. ఆయన భార్య తెల్లవారుజామున పోయిందట. శవం పక్కన కాగితం పట్టుకుని కూర్చున్నాడు. నా సంచీ చూడగానే సంగతి అర్థమైంది ఆయనకు.

"ఇయ్యనమ్మా. ఇది లేకుంటే దాన్ని ఆడికి ఎవురు రానిస్తారు?"

"వద్దులే తాతా. సూసి రాసుకుని ఇచ్చేస్తా."

నాకు లాటిన్ ఎక్కడిది! ఇంగ్లీషు అక్షరాలు వచ్చు గనక, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు ఒక్కొక్కటే దించాను. స్వాములవారు కోప్పడితే పడనీ అనుకున్నాను.

ముసలాయన నా బోసి మెడకేసి చూశాడు. "మీ ఆయనకు పెట్టినావా అమ్మా?"

"లేదు. అప్పుటికే గుడికి ఇచ్చేసినా."

"అయ్యో తల్లీ! అట్లయితే ఇంకోటి రాయి."

ఒళ్లు మండింది నాకు. "రాసి యాడ పెట్టేది తాతా? ఆయన్ను పూడ్చి ఏడాదాయె."

"మా ముసిల్ది పోతాంది గదా. దీంతోపాటు పెట్టు. ఆయన సేతికిస్తాది."

మా కాగితంలో ఏం రాసి ఉండేదో నాకు తెలీదు. ఆయన పేరు, నా పేరు తెలుగులోనే రాశాను. ముసలాయన భార్య తల కొంచెం ఎత్తి పట్టుకున్నాడు. రెండు కాగితాలూ నేనే కింద పెట్టాను.

"ఆయన కొంచెం కుంటుతాడవ్వా. గుర్తుపట్టి ఇయ్యి" అన్నాను.

అప్పుడు ఏడ్చాను. పోయినామె కూతురు వచ్చిందనుకున్నారట వీధిలోవాళ్లు.