తోటకూర మీద చల్లిన బూడిద

అనంతసాగరం దగ్గర మా చేలో ఒక మూల నేను వలగుళ్లు పోసేవాణ్ణి. సోమశిల నీళ్లలో చేపలు పట్టేవాళ్లకు వల అడుగున కట్టడానికి సీసపు గుళ్లు కావాలి. ఆత్మకూరు మెకానిక్ షాపుల నుంచి పాత బ్యాటరీలు తెచ్చి, పగలగొట్టి, లోపలి పలకలను ఇనప మూకుడులో కరిగించి అచ్చుల్లో పోసేవాణ్ణి. యాసిడ్ వరిమడికి తగలకుండా దూరంగా గుంటలో ఒంపేవాణ్ణి. నా జాగ్రత్త అంతవరకే.

ఆకుకూరకు పేనుబంక పడితే పొయ్యిలో బూడిద చల్లడం మా అవ్వ నాటి పద్ధతి. ఇంట్లోకి గ్యాసు వచ్చాక బూడిద కరువైంది. సీసం కరిగించే పొయ్యి కింద మాత్రం కావలసినంత ఉండేది. దాన్ని జల్లెడపట్టి, పొద్దున్నే ఆకు మీద మంచు ఆరకముందే తోటకూర మడిలో చల్లేవాణ్ణి. రెండేళ్లు అలా చేశాను. మందు కొట్టని కూర అని ఊళ్లో గొప్పగా చెప్పుకుని, అడిగిన ఇంటికల్లా కట్ట ఇచ్చాను.

నా కూతురి బిడ్డకు నాలుగేళ్లు. మా ఇంట్లోనే పెరుగుతోంది. మొన్నటి ఎండాకాలం నుంచి కడుపునొప్పి అని ముడుచుకుని పడుకునేది. పాలిపోయింది. ఆత్మకూరు డాక్టరు రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు పెట్టమన్నాడు. రోజూ లేత తోటకూర నేనే కోసుకొచ్చాను. వద్దని మొహం తిప్పుకుంటే కథ చెప్పి ముద్దలు తినిపించాను.

తగ్గకపోయేసరికి నెల్లూరు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ పాత రిపోర్టులు చూసి, "ఒంట్లో సీసం చేరినా ఇలా కడుపునొప్పి వస్తుంది, రక్తం తగ్గుతుంది. ఇంట్లో ఎవరైనా సీసం పని, పాత బ్యాటరీల పని చేస్తారా?" అని అడిగింది.

"లేదమ్మా. సేద్యమే," అన్నాను.

అప్పటికి నాకేమీ తెలియదని ఇప్పుడు రాసుకోవచ్చు. కానీ ఆమె సీసం అనగానే నాకు చల్లిన బూడిదే గుర్తొచ్చింది. కూతురి ముందు దోషిగా నిలబడలేక లేదన్నాను.

"ఏంది నాయనా లేదంటావు? వలగుళ్లు పోసేది ఎవురు, నేనా?" అంది కూతురు. డాక్టరమ్మ వైపు తిరిగి, "చేలోనే కరిగిస్తాడమ్మా. ఆ బూడిదే కూరకు చల్లినాడు. బిడ్డ తినేది ఆ కూరే," అంది.

పాప రక్తం పరీక్షకు పంపారు. సీసం ఉందని వచ్చింది.

"ఆ పని, ఆ కూర ఈరోజే ఆపండి. మట్టిలో చేరింది దానంతటది పోదు," అంది డాక్టరమ్మ.

"బిడ్డకు?" అని కూతురు అడిగింది.

"మందులిద్దాం. కానీ ఎదుగుదల, చదువు దగ్గర తేడా రావచ్చు. ఇప్పుడే చెప్పలేను."

మర్నాడు తోటకూర మడంతా పీకేశాను. తర్వాత కూర ఇచ్చిన ఇళ్లకు ఒక్కొక్కటిగా పోయి, ఏం చల్లానో చెప్పి, పిల్లలకు రక్తపరీక్ష చేయించమన్నాను. ఒకామె చేటలో బియ్యం ఏరడం ఆపి నన్ను చూసింది.

"ఊరికే ఇస్తా ఉంటే ఎంత మంచోడో అనుకున్నాం గదయ్యా," అంది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. పాప లేచి నా ఒళ్లోకి రాబోయింది. కూతురు దాని రెక్క పట్టుకుని ఆపింది.

"ముందు తాతని చేతులు కడుక్కోనీ."

సబ్బు పెట్టి రెండుసార్లు రుద్ది కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చేసరికి పాప తల్లి భుజం మీద నిద్రపోయింది. కూతురు నాకు అందించలేదు. నేనూ అడగలేదు.