సమ్మెట ఎత్తాక

వేలూరు ఆఫీసులో ఆ నెలంతా నాకు పూనకమే. కంప్యూటర్‌కూ డిస్కుకూ మధ్య మాటలు మోసే డ్రైవర్ ప్రోగ్రామ్ మా పని. నడుస్తున్న మెషీన్‌లోంచి డిస్కు లాగి చూడటం నా వంతు. తొమ్మిదిసార్లు ఏమీ కాదు, పదోసారి మెషీన్ మొత్తం కుప్పకూలుతుంది. డిస్కు ఉందో లేదో అడిగి మరీ రాస్తోందే, ఇంకెందుకు చస్తోంది ఈ దరిద్రం? ఒకరోజు కీబోర్డును బల్లకేసి బాది రెండు ముక్కలు చేశాను.

ఆ శనివారం గుడియాత్తంలో నాయనా, మేనమామా ఎవరిదో పాత ఇల్లు పడగొడుతుంటే అన్నం క్యారియర్ పట్టుకెళ్ళాను. ఇద్దరూ మేస్త్రీలే. నాయన గోడ దగ్గర నిలబడి, "లోపల యెవరన్నా ఉండారా?" అని అరిచాడు. "యెవరూ లేరు బావా" అని మామ బయటినుంచి బదులిచ్చాడు. నాయన తలకు తువ్వాలు చుట్టుకుని, అరచేతుల్లో ఉమ్ముకుని, సమ్మెట ఎత్తాడు. ఆలోగా మామ, మరిచిపోయిన గడపార కోసం లోపలికి దూరాడు. నేను చూశాను. అరిచేలోపే గోడ కూలింది.

ఇటుకల కిందనుంచి మామ కుడిచెయ్యి బయటికి లాగాం. మూడు వేళ్ళు నుజ్జయిపోయాయి.

ఆసుపత్రి వాకిట్లో మామ కొడుకు నాయన చొక్కా పట్టి ఈడ్చి మొహం మీద గుద్దాడు. నేను వాడి గొంతు పట్టుకున్నాను, వాడు నా పెదవి పగలగొట్టాడు. నాయన మాత్రం చెయ్యెత్తలేదు. నోట్లో నెత్తురుతో ఒకటే మాట: "అడిగినానప్పా, అడిగే కొట్టినాను."

మంచం మీదున్న మామతోనూ అదే అన్నాడు.

"ఆమా బావా, అడిగితివి. ఎప్పుడు అడిగితివి? తువ్వాలు చుట్టకముందు. సమ్మెట ఎత్తినాక అడిగితివా?"

ఆ నెత్తుటి కట్టు ముందు నిలబడి నేను నా డ్రైవర్ గురించే ఆలోచించాను. నామీద నాకే అసహ్యం వేసింది. అదీ ముందే అడిగేది. డిస్కు 'ఉన్నాను' అన్నాక వేరే పనులు చక్కబెట్టుకుని అప్పుడు రాసేది. ఆ సందులో డిస్కు పోయేది. సోమవారం ప్రోగ్రామ్‌లో రెండు వరుసలు మార్చాను: ముందు తాళం వేసి, డిస్కు స్థితిని ప్రోగ్రామ్‌లో ఇంకే భాగమూ మార్చకుండా ఆపి, అప్పుడు అడగాలి, రాశాకే తాళం తీయాలి. రోజంతా డిస్కు లాగాను, మెషీన్ పడలేదు. అందరూ మెచ్చుకున్నారు. నాకు ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు.

మామ మళ్ళీ తాపీ పట్టలేదు. అయినా నాయన ఆయన లేకుండా పనికి పోడు. ఇప్పుడు గోడ కొట్టేముందు మామ వాకిలికి అడ్డంగా నిలబడి, రెండు వేళ్ళు మిగిలిన చేతిని ద్వారబంధానికి ఆనిస్తాడు. సమ్మెట పైకి లేచాక నాయన అడుగుతాడు.

"యెవరూ లేరు, కొట్టు బావా" అంటాడు మామ. గోడ పడేదాకా ఆ చెయ్యి తీయడు.